చెమ్నిట్జ్‌లో రెండేళ్ళ ఉద్యోగం: దాని కోసం జర్మన్ నేర్చుకోవాలా?

నిజామాబాద్ మెకానికల్ (ప్రశ్న)

అన్నలకు, అక్కలకు నమస్తే. నాకు 29 ఏళ్ళు. పుణెలో కార్ల విడిభాగాల కంపెనీలో డిజైన్ పని. అక్టోబర్ నుంచి జర్మనీలో చెమ్నిట్జ్ అనే ఊరికి పంపుతున్నారు. రెండేళ్ళ కాంట్రాక్టు. పెళ్ళయి ఏడాది అయింది, మా ఆవిడ కూడా వస్తోంది.

ఆఫీసులో అంతా ఇంగ్లీషే అని ఇంటర్వ్యూలోనే చెప్పారు. అయినా ఆన్‌లైన్లో ఏ1 (జర్మన్‌లో మొదటి మెట్టు, ఆపైన ఏ2, బీ1, బీ2) పూర్తి చేశాను, పరీక్ష కూడా పాసయ్యాను. ఏ2 మొదలుపెట్టి మూడో వారంలో వదిలేశాను. కారణం డేర్, డీ, డాస్, అంటే ప్రతి పేరు ముందూ దాని లింగాన్ని బట్టి పెట్టే మాటలు. చెంచా పుంలింగమట, ఫోర్కు స్త్రీలింగమట, కత్తి నపుంసకమట. ఎందుకో సారుకీ తెలియదు. "అలాగే గుర్తుపెట్టుకోండి" అంటాడు. పని అయ్యాక రాత్రి తొమ్మిదింటికి కూర్చుని కత్తి ఆడదా మగదా అని బట్టీ పట్టడం నా వల్ల కాలేదు.

అక్కడ ఉన్న మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే "ఏం అక్కర్లేదు బ్రో, ఫోన్లో ట్రాన్స్‌లేటర్ ఉందిగా" అన్నారు. నిజమేనా? రెండేళ్ళుండి వచ్చేసేవాడికి ఆ భాషతో ఏం పని? వారాంతాల్లో చుట్టుపక్కల తిరగాలని ఉంది. దానికైనా పనికొస్తుందా? నేర్చుకోమనేవాళ్ళు ఎలా నేర్చుకున్నారో కూడా చెప్పండి. యాప్ పేరు చెప్పి వెళ్ళిపోకండి, నా దగ్గర ఇప్పటికే నాలుగున్నాయి.


బెర్లిన్‌లో ఆరేళ్ళు

తమ్ముడూ, నేను చెప్పేది ఇక్కడ చాలామందికి నచ్చదు. అయినా చెప్తా. అక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. మా టీంలో పదకొండు మందిమి, అందులో జర్మన్లు ఇద్దరే. మీటింగూ ఇంగ్లీషే, లంచూ ఇంగ్లీషే. కాఫీ కొట్లో నేను కష్టపడి జర్మన్‌లో మొదలుపెడితే కౌంటర్ వెనక పిల్ల ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆమెది ఏ స్పెయినో, ఆస్ట్రేలియానో. ఉత్తరాలొస్తే కెమెరా పెట్టి చదువుకుంటా.

బ్లూ కార్డు (చదువుకున్న విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉండి శాశ్వత నివాసం కావాలనుకుంటే లెక్క వేరు. ఏ1 ఉంటే 27 నెలలకి, బీ1 ఉంటే 21 నెలలకి అడగొచ్చు. ఆర్నెల్ల తేడా. పౌరసత్వానికైతే ఐదేళ్ళ నివాసం, బీ1 కావాలి. నువ్వు రెండేళ్ళకే వెనక్కి వస్తానంటున్నావు కాబట్టి ఈ గొడవేదీ నీకు లేదు.

నాకొచ్చిన జర్మన్ మాటల్లో అన్నిటికంటే పొడవైంది షీనెన్‌ఎర్జాట్స్‌ఫెర్కేర్. పట్టాల మీద పని జరుగుతోంది, రైలుకి బదులు బస్సెక్కండి అని. అదొక్కటి నేర్చుకుని రా. ప్రతి వారాంతం పనికొస్తుంది.


కొత్తగూడెం బిడ్డ

ముందు ఊరి పేరు సరిచేసుకుందాం తమ్ముడూ. చెమ్నిట్జ్ కాదు, కెమ్నిట్స్. 'చ' అని పలికితే స్టేషన్లో టికెట్టు ఇచ్చేవాళ్ళు ఇంకోసారి చెప్పమంటారు.

బెర్లిన్ అన్న అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన చెప్పింది బెర్లిన్ సంగతి, నువ్వు వచ్చేది మా ఊరికి. నేను 2016లో ఇక్కడ యూనివర్సిటీలో మాస్టర్స్ చేయడానికొచ్చి, ఉద్యోగం దొరికి ఇక్కడే ఉండిపోయా. ఇది 1990 దాకా తూర్పు జర్మనీ. ఊరి పేరే 1953 నుంచి 1990 దాకా కార్ల్‌మార్క్స్‌స్టాట్. ఆ కాలంలో బడికెళ్ళినవాళ్ళు నేర్చుకున్న పరభాష రష్యన్. ఇంగ్లీషు వస్తే వచ్చింది, లేకపోతే లేదు. నీ ఇంటి ఓనరు, హీటర్ బాగుచేయడానికి వచ్చేవాడు, డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే పెద్దావిడ, వీళ్ళంతా ఆ వయసువాళ్ళే అయ్యుంటారు. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ ఉంటుంది నిజమే. కానీ ఎదుటి మనిషి మొహం ముందు ఫోన్ పెడితే ఆయన పని మాట చెప్పి ఆపేస్తాడు. ఆ తర్వాతి మాట చెప్పడు. నాకు దొరికినవన్నీ ఆ తర్వాతి మాటల్లోనే దొరికాయి.

నేను వచ్చేటప్పటికి ఏ2 ఉంది. దిగింది ప్లాటెన్‌బౌలో, అంటే తూర్పు జర్మనీ కాలంలో కాంక్రీటు పలకలు తెచ్చి నిలబెట్టిన ఐదంతస్తుల ఇల్లు. లిఫ్టు లేదు. నాది నాలుగో అంతస్తు. కింద ఇంట్లో ఒక్కడే ఉండే పెద్దాయన. సైకిల్ కొన్న రోజు ఆయన్ని అడగడానికి వాక్యం రాసుకుని, బట్టీపట్టి, తలుపు కొట్టా. "సైకిల్ సెల్లార్‌లో పెట్టుకోవచ్చా అండీ?" ఆయన "ను" అని తలుపేసేశాడు. 'నో' అన్నాడని అర్థం చేసుకుని మూడు వారాలు ఆ సైకిల్ని రోజూ నాలుగంతస్తులు మోశా. ఒక సాయంత్రం మెట్ల మీద ఎదురుపడి, దీన్నెందుకు చంటిపిల్లలా ఎత్తుకు తిరుగుతున్నావని అడిగాడు. మీరేగా వద్దన్నారు అన్నా. ఆయనకి నవ్వాగలేదు. మా రాష్ట్రం సాక్సనీలో 'ను' అంటే అవును! నా పుస్తకంలో 'యా' తప్ప ఇంకోటి లేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం కాఫీకి పిలిచాడు. "హాల్ప్ డ్రై"కి రమ్మన్నాడు. హాల్ప్ అంటే సగం, డ్రై అంటే మూడు. సరే, మూడున్నర. స్వీటు డబ్బా పట్టుకుని సరిగ్గా మూడున్నరకి వెళ్ళా. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కేకు కోసి పెట్టుకుని, గంట నుంచి కూర్చున్నాడు. ఏమీ అనలేదు. గోడ గడియారం వంక ఒకసారి చూశాడంతే. మనం గడిచిపోయిన గంట మీద కలుపుకుంటూ పోతాం కదా, రెండుంబావు, రెండున్నర, రెండుంముప్పావు అని. వీళ్ళు రాబోయే గంటలో ఎంత నిండిందో చెప్తారు. హాల్ప్ డ్రై అంటే మూడో గంటలో సగం నిండింది, అంటే రెండున్నర. మా వైపు ఇంకా ముదిరి 'ఫీర్టెల్ డ్రై' అంటే రెండుంబావు, 'డ్రైఫీర్టెల్ డ్రై' అంటే రెండుంముప్పావు. ఇది పడమటి నుంచి వచ్చిన జర్మన్లకే ఒక పట్టాన ఎక్కదు, మనమెంత. కానీ ఒక్కటి గమనించు. పావు, అర, ముప్పావు మూడూ మన భాషలో ఉన్నాయి. ఇంగ్లీషులోంచి వెళ్తే తికమక, తెలుగులోంచి వెళ్తే ఒక్క గంట జరుపుకుంటే చాలు.

నువ్వు ఎలా నేర్చుకున్నావని అడిగావు కదా, నా జవాబు ఇదే. ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం మానేసి తెలుగు మీదుగా నేర్చుకున్నా. రెండో చలికాలంలో ఫోక్స్‌హోఖ్‌షూలెలో సాయంత్రం క్లాసులో చేరా. ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, పెద్దవాళ్ళకి భాషలు, వంటలు, కుట్లు అన్నీ తక్కువ ఫీజుకి నేర్పే చోటు. క్లాసులో కిటికీ తెరిచి ఉంటే "ఇష్ బిన్ కాల్ట్" అన్నా, ఇంగ్లీషులో 'ఐ యామ్ కోల్డ్' అన్నట్టు. టీచరమ్మ నవ్వింది. అలా అంటే 'నేను మనసు లేని మనిషిని' అన్నట్టుంటుందట. "మియర్ ఇస్ట్ కాల్ట్" అనాలట. మియర్ అంటే 'నాకు'. నాకు చలిగా ఉంది! ఇది మన వాక్యమే కదా అని కుర్చీలోంచి లేచినంత పనైంది. 'గెఫెల్ట్ మియర్' అంటే నాకు నచ్చింది. 'మియర్ ఇస్ట్ లాంగ్‌వైలిష్' అంటే నాకు బోర్‌గా ఉంది. క్లాసులో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ఈ 'నాకు' దగ్గర తన్నుకుంటుంటే నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చినట్టుంది.

క్రియ కూడా అంతే. 'డాస్' (అని), 'వైల్' (ఎందుకంటే) లాంటి మాట పడగానే వాక్యంలో క్రియ చివరికి పోతుంది. "డు మోర్గెన్ కోమ్స్ట్": నువ్వు, రేపు, వస్తావు. మాటకి మాట మన వరసే. అంకెల దగ్గర తెలుగు సాయం రాదు, హిందీ తెచ్చుకో. ఇరవై ఒకటిని 'ఒకటీ ఇరవై' అంటారు, ఇక్కీస్ లాగా. ఎవరైనా ఫోన్ నంబర్ రెండేసి అంకెలుగా చెప్తుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి నాకు.

ఇక నీ డేర్, డీ, డాస్. ఇన్నేళ్ళయినా నాకు తప్పులు పోతాయి. ఎవడూ కొట్టలేదు. జర్మన్‌లో అమ్మాయి అనే మాట నపుంసకలింగమని మనవాళ్ళు తెగ నవ్వుతారు. మనం "అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది" అంటాం, అది గుర్తుండదు. చెంచా లింగం తెలియక ఎవరికీ చారు అందకుండా పోలేదు. తప్పుతోనే మాట్లాడు. ఎదుటివాళ్ళు ఇంగ్లీషులోకి మారితే నువ్వు మారకు, జర్మన్‌లోనే ఉండు. నాలుగోసారికి వాళ్ళే తిరిగొస్తారు.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. భాష వస్తే తిట్లు కూడా అర్థమవుతాయి. 2018 ఆగస్టులో, సెప్టెంబర్‌లో ఈ ఊళ్ళో విదేశీయులకి వ్యతిరేకంగా పెద్ద పెద్ద ఊరేగింపులు జరిగాయి. ఈపాటికి గూగుల్ చేసి చూసే ఉంటావు. ట్రామ్‌లో వెనక సీట్లో ఇద్దరు నా గురించి ఏమనుకున్నారో ఏ2 రోజుల్లోనైతే తెలిసేది కాదు, ఆ వారం తెలిసింది. అదే వారం కింద పెద్దాయన బెల్లు కొట్టి, "నేను బజారుకెళ్తున్నా, నీకేమైనా కావాలా, నువ్వెందుకులే ఇవాళ బయటికి" అన్నాడు. అదీ అర్థమైంది. రెండోది వదులుకోకుండా మొదటిదొక్కటే ఎలా ఆపుకోగలం?

అప్పటికి ఆయన నన్ను 'డు' అని పిలవమన్నాడు. 'జీ' అంటే మీరు, 'డు' అంటే నువ్వు. ఇక్కడ 'నువ్వు' అనడానికి పెద్దవాళ్ళు అనుమతివ్వాలి, ఇస్తే చేయి కలిపి ఒప్పుకోవాలి. మా ఇంట్లో నాన్నని నువ్వనే అంటాం, దానికి ఏ అనుమతీ లేదు. కానీ కింద ఇంటి డెబ్భై ఏళ్ళాయన్ని నువ్వు అనడానికి నాకు ఆర్నెల్లు నోరు రాలేదు.

మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడు ఒకసారి. మాది కొత్తగూడెం. నాన్న సింగరేణిలో బొగ్గుబాయి దిగి పనిచేసినవాడు. మాట కోసం వెతుక్కుని "బెర్గ్‌మన్" అన్నా, గని కార్మికుడు అని. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా చేయి పట్టుకుని "గ్లూక్ అవుఫ్" అన్నాడు. ఈ ఊరికి దక్షిణాన ఎర్ట్స్‌గెబిర్గె అనే కొండలున్నాయి. వందల ఏళ్ళు అక్కడ వెండి, తగరం తవ్వారు, యుద్ధం తర్వాత యురేనియం తవ్వారు. 2019లో ఆ గనుల ప్రాంతమంతా యునెస్కో జాబితాకెక్కింది. ఈయన ఆ యురేనియం గనిలో దిగినవాడు. తవ్విందంతా సోవియట్ యూనియన్‌కి వెళ్ళేది. గ్లూక్ అవుఫ్ అనేది గనివాళ్ళ నమస్కారం. ఇంచుమించుగా 'క్షేమంగా పైకి రా' అని. గని లేని ఇళ్ళలో కూడా ఇప్పటికీ ఆ కొండల్లో హలోకి బదులు అదే అంటారు. డిసెంబర్‌లో వస్తే ప్రతి కిటికీలోనూ వంపు తిరిగిన చెక్క మీద దీపాలు పెట్టి ఉంటాయి, చూస్తావుగా. ష్విబ్‌బోగెన్ అంటారు. చలికాలం తెల్లారకముందే గనిలోకి దిగి, చీకటి పడ్డాక పైకొచ్చేవాళ్ళకి వెలుతురు మీద ఉండే మోజు అది అని పెద్దాయన చెప్పాడు. మా నాన్న ఫస్ట్ షిఫ్ట్‌కి టిఫిన్ డబ్బా పట్టుకుని చీకట్లో వెళ్ళడం గుర్తొచ్చింది.

2023 వేసవిలో నాన్న వచ్చాడు. ఊరి నడుమ మార్క్స్ తల విగ్రహం ఉంది, తలొక్కటే ఏడు మీటర్లు, దిమ్మెతో కలిపి పదమూడు. ఊళ్ళోవాళ్ళు దాన్ని 'నిషెల్' అంటారు, సాక్సన్ యాసలో బుర్రకాయ అని. వెనక గోడ మీద ఒకే నినాదం జర్మన్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్ భాషల్లో చెక్కి ఉంటుంది. నాన్న యూనియన్ మనిషి. ఏం రాసుందిరా అంటే చదవబోయా. నేను 'ప్రోలెటారియర్' అనేలోపే ఆయనే "ప్రపంచ కార్మికులారా ఏకం కండి" అని పూర్తి చేశాడు. పక్కన ఫొటో దిగుతున్న జంట తిరిగి చూసింది.

ఆ ఆదివారం పెద్దాయనతో కలిసి ముగ్గురం అన్నాబెర్గ్ దగ్గర ఫ్రోనావులో సందర్శకులకి చూపించే పాత గనికెళ్ళాం. చిన్న రైల్లో కూర్చోబెట్టి లోపలికి తీసుకెళ్తారు. లోపల గైడు జర్మన్‌లో చెప్పుకుపోతున్నాడు, నేను నాన్నకి చెప్తున్నా. నాన్న వినడం లేదు. అక్కడున్న కర్ర తీసుకుని పైకప్పు తట్టి చెవి పెట్టాడు. పైన రాయి వదులైతే మోత డొల్లగా వస్తుంది. బాయిలో దిగగానే చేసే పని అది, చేతికి అలవాటు. గైడు మాట ఆపేశాడు. పెద్దాయన నా వైపు చూసి ఏదో గొణిగి, తనూ ఒక కర్ర తీసుకుని ఇంకో మూల తట్టాడు. ఇద్దరూ అలా తట్టుకుంటూ పోయారు ఆ సొరంగంలో. ఆ పదిహేను నిమిషాలు నన్నెవరూ అనువాదం అడగలేదు.

ఆయనిప్పుడు లేడు. నాన్నకి ఫోన్లో చెప్పినప్పుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయనకొచ్చిన ఆ రెండు జర్మన్ మాటలూ అన్నాడు.


స్టుట్‌గార్ట్ దగ్గర నర్సు (మాది రాజమండ్రి)

కొత్తగూడెం అన్నయ్యా, డ్యూటీ బ్రేకులో చదివి కళ్ళు తుడుచుకున్నాను. వార్డులో ఏమైందని అడుగుతున్నారు.

నాకు భాష సరదా కాదు, తిండి. మా నర్సింగ్ డిగ్రీకి ఇక్కడ గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 దాకా చదవాలి. ఇంటి దగ్గర ఎనిమిది నెలలు హాస్టల్లో ఉండి బట్టీ పట్టాను. తీరా ఇక్కడికి వస్తే మా వృద్ధుల వార్డులో మాట్లాడేది ష్వాబిష్ యాస. మొదటి నైట్ డ్యూటీలో ఒక బామ్మగారు "టెపిష్" కావాలంది. పుస్తకంలో టెపిష్ అంటే నేల మీద వేసే తివాచీ. రాత్రి రెండింటికి ఈవిడకి తివాచీ ఎందుకు, మతి తప్పిందేమో అని రిపోర్టులో రాయబోయాను. చలేస్తోంది, దుప్పటి కప్పమంటోంది పాపం. ఇక్కడ టెపిష్ అంటే దుప్పటి.

ఇంకోటి, 'ఫూస్' అంటే పుస్తకంలో పాదం. ఒకాయన ఫూస్ నొప్పంటే నేను పాదమంతా నొక్కి చూస్తున్నాను, ఆయనేమో కాదు కాదంటాడు. నొప్పి తొడలో. వీళ్ళకి తొడ నుంచి వేళ్ళ దాకా అంతా ఫూసే. మనం 'కాలు' అన్నట్టే. అది తెలిశాక ఎప్పుడూ పొరపడలేదు. ప్రమాదమైంది 'హేబెన్'. పుస్తకంలో ఎత్తడం. ఇక్కడ పట్టుకోవడం. పడిపోబోతున్న మనిషి "పట్టుకో" అంటుంటే మనం ఎత్తబోతే ఇద్దరం కిందే.

అందుకని తమ్ముడూ, సర్టిఫికెట్టుకి చదివింది ఒక ఎత్తు. వచ్చాక ఆ ఊరి ముసలివాళ్ళ పక్కన కూర్చోవడం ఇంకో ఎత్తు. వాళ్ళకి చెప్పడానికి టైం ఉంటుంది, మనం తప్పు మాట్లాడితే కోపం రాదు. బ్రేక్ అయిపోయింది, ఉంటాను.


తెనాలి అమ్మమ్మ

బాబూ, నాకు టైపింగు రాదు, ఫోన్లో మాట్లాడితే అదే రాస్తోంది, తప్పులుంటే ఏమనుకోకు. అమ్మాయి పురుడికని మ్యూనిక్ వచ్చి రెండు నెలలైంది. తొంభై రోజులకే వీసా.

వచ్చిన మర్నాడే రొట్టెల కొట్టుకి ఒక్కదాన్నే వెళ్ళా. ఒకటి ఇమ్మని చూపుడువేలు చూపించాను. రెండు ఇచ్చాడు. మళ్ళీ చూపించాను, రెండే. ఇంటికొచ్చి చెప్తే అల్లుడు నవ్వాడు. ఇక్కడ బొటనవేలు ఒకటట, చూపుడువేలు దాకా వస్తే రెండట. మనం కణుపులు లెక్కపెట్టుకునేవాళ్ళం, మనకేం తెలుస్తుంది. ఆ రోజు నుంచి వేళ్ళు మానేసి "ఐన్స్" అనడం నేర్చుకున్నా.

ఇక్కడ బాలింత ఇంటికే మంత్రసాని వస్తుంది. ఆవిణ్ణి హేబామె అంటారు. నేను హేబమ్మ అంటాను, చివర్న అమ్మ ఉండనే ఉందిగా. ఆవిడకి ఇంగ్లీషు కాస్త వచ్చు, నాకు అదీ రాదు. పసిగుడ్డు గది పద్ధెనిమిది డిగ్రీలుండాలంటుంది ఆవిడ. నేను "కాల్ట్, కాల్ట్" అంటాను. ఆవిడ "గూట్, గూట్" అంటుంది. ఇలా వారం పోట్లాడుకున్నాం రెండే మాటలతో. ఆఖరికి గది ఆవిడ మాట, టోపీ నా మాట. సాంబ్రాణి వేస్తానంటే మాత్రం పైకప్పు మీదున్న గుండ్రటి డబ్బా చూపించి చెవులు మూసుకుంది. పొగ తగిలితే అరుస్తుందట. అర్థమైపోయింది, మాట అక్కర్లేకపోయింది.

పొద్దున పార్కులో నడుస్తుంటే ప్రతివాళ్ళూ "గ్రూస్ గాట్" అంటారు. గాట్ అంటే దేవుడట. దేవుణ్ణి తలుచుకుని పలకరించడం నాకు నచ్చింది. నేనూ అంటున్నాను. మొదట్లో అమ్మాయి "అమ్మా, సిగ్గుగా ఉంది, ఊరుకో" అంది. ఇప్పుడు ఎదురింటావిడ నన్ను పేరు పెట్టి పలకరిస్తుంది. మా అమ్మాయి నాలుగేళ్ళుగా ఉంటోంది, ఆవిడ పేరు దీనికి తెలియదు.

నీ భార్యకి చెప్పు బాబూ. నువ్వు ఆఫీసుకి పోతావు, ఇంట్లో ఉండేది ఆ పిల్ల. ముందు ఆ పిల్లకి నేర్పించు.


బెర్లిన్‌లో ఆరేళ్ళు

అమ్మమ్మగారి చివరి ముక్క నాకు తగిలింది. మా ఆవిడ రెండేళ్ళ క్రితం ఇదే అంది. నేను "ఇంగ్లీషు చాలులే" అన్నా.

హాల్ప్ డ్రై గురించి కూడా ఒప్పుకుంటా. పంటి డాక్టర్ దగ్గర నాకూ జరిగింది, అపాయింట్‌మెంట్ పోయింది, మళ్ళీ ఐదు వారాలకి దొరికింది. పన్ను మాత్రం అన్నాళ్ళు ఆగలేదు. అయినా నా పాయింట్ నాదే. బెర్లిన్‌లో అక్కర్లేదు.


నిజామాబాద్ మెకానికల్

అందరికీ థాంక్స్. ఇంత రాస్తారనుకోలేదు. అమ్మమ్మగారి జవాబు మా ఆవిడకి చదివి వినిపించా. మంగళవారం నుంచి ఇద్దరం ఏ2లో చేరుతున్నాం, నేను మళ్ళీ మొదటి నుంచి.

కొత్తగూడెం అన్నా, ఒకటే డౌట్. ఇక్కడ క్లాసులో నేర్పేది పుస్తకం జర్మన్. అక్కడికొస్తే 'ను', 'డ్రైఫీర్టెల్'. ముందు నుంచే సాక్సన్ యాస వింటే మంచిదా, లేకపోతే ఉన్నదీ పాడవుతుందా?


కొత్తగూడెం బిడ్డ

ఇప్పుడే వద్దు. పుస్తకం జర్మన్ బీ1 దాకా లాగు. డాయ్చె వెలె (జర్మన్ ప్రసార సంస్థ) వాళ్ళు వార్తల్ని నెమ్మదిగా చదివి పెడతారు, ఉచితం. రోజూ ఒక పది నిమిషాలు విను, అర్థం కాకపోయినా విను. క్రియ ఎక్కడ పడుతోందో చూసుకుంటే చాలు. యాస ఇక్కడికొచ్చాక మెట్ల మీద దొరుకుతుంది. నువ్వు హైదరాబాద్ వెళ్ళినప్పుడు నిజామాబాద్ యాస ఏమైనా పాడైందా?

దిగిన వారం మెసేజ్ పెట్టు. నిషెల్ దగ్గర కలుద్దాం. హాల్ప్ డ్రైకి.


నిజామాబాద్ మెకానికల్

రెండున్నరకి. నోట్ చేసుకున్నా అన్నా.

కాకపోతే ఇంట్లో ఒక కొత్త సమస్య మొదలైంది. నిన్నటి నుంచి మా ఆవిడ ఏదడిగినా "ను" అంటోంది. చాయ్ పెట్టనా అంటే ను, సినిమాకి పోదామా అంటే ను. అది సాక్సన్ 'ను'నో, మామూలు 'నో'నో మాత్రం చెప్పడం లేదు.